ఈశ్వరి వేరు

"గిప్పటిదాక మాట్లాడినవ్ సరే. ఇగ నోరు ముయ్యి," అంది గుట్ట మీద మందులిచ్చే కొండవ్వ, ఈశ్వరి వేరు పోచయ్య అరచేతిలో పెట్టి. "పాము కరిచినోని నోట్ల గిది పడేదాక నువ్వు ఒక్క మాట మాట్లాడినా వేరు ఉత్త కట్టెపుల్లే."

పోచయ్య తలూపాడు. దొర గడీలో వెట్టి చేసేవాడికి నోరు మూసుకోవడం కొత్త పని కాదు.

గుట్ట కింద ఊళ్లో దామోదర్‌రావు దొరను పొద్దున్నే నాగుపాము కరిచింది. మోటరుంది గాని, యుద్ధం వల్ల పెట్రోలు లేదు. బండి కట్టి సిద్దిపేట దవాఖానకు పోదామంటే దొర ఒప్పుకోలేదు. ఆయనకు కొండవ్వ వేరు మీదే నమ్మకం. వేరు కంటే నియమం మీద నమ్మకం. నిరుడు తన మేనత్తకు ఇదే వేరు తెస్తూ దారిలో నోరు జారిన జీతగాణ్ని చింతచెట్టుకు కట్టేసి కొట్టించాడు. ఆ జీతగాడు పోచయ్య అన్న. వేళకు వేరు అందకపోతే తన వీపు ఏమవుతుందో పోచయ్యకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గుట్ట దిగగానే గట్టు మీద గడ్డి కోస్తూ నర్సమ్మ కనిపించింది.

"ఏంది బావా, గా వేరు? కామెర్లకా?"

పోచయ్య తల అడ్డంగా ఊపాడు.

"కామెర్లకు వేరేం జేస్తది? నేలఉసిరి గావాలె. ఆగు, గీడనే ఉన్నది."

ఆమె నాలుగు మొక్కలు పీకి మన్ను దులిపింది. పోచయ్య గడీ వైపు చెయ్యి చూపాడు.

"ఓ, గడీల పశువులకా? అట్ల జెప్పరాదు! కడుపుబ్బరానికైతె వాము గావాలె."

అతని భుజం మీది తువ్వాల లాక్కుని, వాము మూటగట్టి తెస్తానని ఇంటికి పోయింది. తువ్వాల వదిలి ఎట్లా పోతాడు? పోచయ్య గట్టు మీద కూర్చున్నాడు.

తాటివనం దగ్గర మల్లేశం చెట్టు దిగుతూ పిలిచాడు.

"ఎటు పోతున్నవే అన్నా? పలుకవేంది? నోరు పడిపోయిందా?"

పోచయ్య మూతి మీద వేలు పెట్టుకున్నాడు.

"అయ్యో, పచ్చవాతమే! వావిలాకు కాపడం బెట్టాలె. ముందుగాల గీ కల్లు తాగు. తాగుడుకు నోరు తెరువాలె గని మాట్లాడుడెందుకు?"

అందులో నియమం తప్పేదేమీ పోచయ్యకు కనిపించలేదు. తాగాడు. మల్లేశం మంట వేసి, వావిలాకు వేడి చేసి, అతని రెండు దవడలకూ కాపడం పెట్టాడు. ఎక్కడా తొందర పడలేదు.

బాట మీద ఇశ్రాయేలు బండి ఆపాడు. వారమంతా సర్కారుకు కట్టే లెవీ ధాన్యం గడీకి తోలి అతని ఎద్దులు చిక్కిపోయాయి.

"ఎక్కు చిన్నాయినా. ఎటు?"

పోచయ్య చెయ్యి చూపాడు.

"మద్దూరుకా?"

తల అడ్డంగా ఊపాడు.

"నా ఎద్దులు గూడ ముందుగాల గట్లనే ఊపుతయి. ఎనుక అవ్వే పోతయి."

బండి మద్దూరు బాట పట్టింది. సగం దూరం పోయాక ఇశ్రాయేలుకు అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పాడు.

పోచయ్య గడీ మెట్లెక్కేసరికి లోపల ఏడుపులు మొదలయ్యాయి.

దొర దినాలు అయ్యాక దొరసాని లక్ష్మీబాయి నలుగురినీ పిలిపించింది.

"దారిల మీరు ముగ్గురున్నరు. ఒక్కరన్న వీన్ని జల్ది తోలకపోతిరి!"

"ఎవలికని అడుగుతనే ఉంటిమి దొరసానీ," అంది నర్సమ్మ. "గీయన పలికితె గద!"

"దొర కోసమని ఎరుకైతె ఎద్దుల ఇడిచి నేనే బండి గుంజుకొస్తుంటి," అన్నాడు ఇశ్రాయేలు.

మల్లేశం కళ్లు తుడుచుకున్నాడు.

దొరసాని పోచయ్య వైపు తిరిగింది. "నువ్వన్న ఒక్క మాట చెప్పకపోతివిరా!"

"ఎట్ల జెప్త దొరసానీ? దొర పెట్టిన కట్టుబాటు నేను దాటుతనా?"

 దొరసాని పొమ్మని చెయ్యి ఊపింది. నలుగురూ వంగి దండం పెట్టి గడీ గేటు దాటారు.

పాము కాటు సంగతి ఆ ముగ్గురికీ, వేరుకని గుట్టకు పోతూ పోతూ, చెప్పింది పోచయ్యే.