కిబ్వానా ఎడమ చెంప

"చొక్కా విప్పు నాయనా," అంది డాక్టర్ నీమా.

కిబ్వానా కదలలేదు. "ఎందుకు డాక్టరమ్మా ఈ గొడవంతా? మా ఆవిడ సబ్బు వల్లే వచ్చిందని మొత్తుకుంటూనే ఉన్నాను. దాన్ని సబ్బు చెయ్యడం మానెయ్యమనండి, అదే తగ్గుతుంది."

"పంగాని ఊళ్లో సంతంతా తిరిగి ఇదే మాట చెప్పాడు," అంది అతని భార్య మ్వాజుమా.

ఎడమ చెంప నుంచి మెడ మీదుగా భుజం దాకా ఎర్రటి దద్దుర్లు. ఆ ముఖంతో అతను సంతలో నిలబడితే వేరే చాటింపు అక్కర్లేదు. పెళ్లికూతుళ్లకు నలుగుపెట్టి ముస్తాబు చేసే ఆడవాళ్లు మ్వాజుమా కొబ్బరి సబ్బు తప్ప ఇంకోటి ముట్టేవారు కాదు. ఇప్పుడు ఒక్కరూ ఆమె గుమ్మం తొక్కడం లేదు.

"మొగుడి ముఖాన్నే కాల్చింది, పెళ్లికూతురి ముఖాన్ని మిగులుస్తుందా?" అని ఒకావిడ ఎదురుగానే అనేసింది.

అందుకే మ్వాజుమా అతణ్ణి బలవంతాన లాక్కొచ్చింది. మొన్న డాక్టరు అనుమానమున్నవన్నీ అతని వీపు మీద కాస్త కాస్త రాసి, పట్టీలు వేసి పంపింది. ఇవాళ వాటిని విప్పుతోంది.

"ఇది వట్టి కొబ్బరినూనె. ఏమీ కాలేదు. ఇది నీ సబ్బు, తల్లీ." డాక్టరు కళ్లద్దాలు సర్దుకుని వంగింది. "శుభ్రంగా ఉంది."

"సరిగ్గా చూడండి," అన్నాడు కిబ్వానా.

"చూశాను. ఎర్రగా పొక్కింది ఇదిగో, ఈ పట్టీ కింద. ఇదీ కొబ్బరి నుంచి వచ్చిందే. ఫ్యాక్టరీలో కొబ్బరినూనెకి ఏవో కలిపి, నురగ కోసం తయారుచేసి షాంపూల్లో వేస్తారు. కొందరికి పడదు."

"కొబ్బరి పడకపోవడమేమిటి డాక్టరమ్మా! పుట్టిన దగ్గర్నుంచి దానితోనే కదా ఒళ్లు తోమారు," అంది మ్వాజుమా.

"కొబ్బరి పడుతుంది. దాన్నుంచి చేసిన ఇది పడటం లేదు."

"అసలు నేను షాంపూ ముట్టనే ముట్టను," అన్నాడు కిబ్వానా, పందెం గెలిచినవాడిలా.

"నువ్వు ముట్టక్కర్లేదు. షాంపూతో కడుక్కున్న తల రోజూ నీ చెంపకి ఆనితే చాలు." డాక్టరు మ్వాజుమా వైపు తిరిగి నవ్వింది. "షాంపూ మార్చు తల్లీ, మొగుడు బాగుపడతాడు. సబ్బు నిశ్చింతగా అమ్ముకో. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు."

"చెప్తాను డాక్టరమ్మా. సంతలో అందరికీ చెప్తాను."

కిబ్వానా చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకుంటున్నాడు.

మ్వాజుమా జన్మలో షాంపూ వాడలేదు.