అరువిచ్చిన పాస్‌వర్డ్

“పాస్‌వర్డ్ మీరే ఇచ్చారా, ఆ అమ్మాయి మీ వెనక నిలబడి చూసేసిందా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి.”

“నేనే ఇచ్చాను మేడం. మర్చిపోతుందేమోనని కాగితం మీద రాసి మరీ ఇచ్చాను.”

ప్రిన్సిపాల్ తల పట్టుకుంది. తప్పించుకోవడానికి తలుపు బార్లా తెరిచి పెట్టినా ఈ పెద్దావిడ గడప దాటనంటోంది. కిటికీ దగ్గర చేతిలో రిపోర్టుతో నిలబడ్డ సిస్టమ్స్ ఇన్‌ఛార్జి ముఖంలో ఏ కదలికా లేదు.

ప్రిన్సిపాల్ ఈ కాలేజీకి వచ్చి మూడు వారాలే అయింది. సిస్టమ్స్ ఇన్‌ఛార్జిని పిల్లలు ‘తాళంకప్ప’ అంటారని మొదటి రోజే తెలిసింది. కాలేజీ కంప్యూటర్లు, నెట్‌వర్క్ ఎలా వాడాలో, దేనికి వాడకూడదో పదకొండు నియమాలు రాసి, ప్రతి ల్యాబ్ గోడకీ అంటించి, చేరిన ప్రతివాళ్ళ చేతా సంతకం పెట్టించుకునేవాడు ఆయనే. ఎదురుగా ఉన్నావిడకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు జాకెట్లు కుట్టి, మిషన్ మీద గుడ్డ కప్పి వచ్చి డిప్లొమాలో చేరింది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. క్లాసంతటికీ ఆవిడ ‘పెద్దమ్మ’.

జరిగింది చిన్నదే. పోయిన నెల ఆ క్లాసు అమ్మాయి ఒకతె కాలేజీ నెట్‌వర్క్ మీద సినిమాలు దింపి హాస్టల్ మొత్తానికీ పంచిపెట్టింది. సరిగ్గా అప్పుడే పరీక్ష రాస్తున్న నూట ఇరవై మంది కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. తాళంకప్ప ఆ పిల్ల అకౌంటు నెల రోజులు మూసేశాడు. ప్రాజెక్టు గడువు దగ్గర పడి ఆ పిల్ల బిక్కమొహం వేసుకు తిరుగుతుంటే, పెద్దమ్మ పిలిచి తన పాస్‌వర్డ్ చేతిలో పెట్టింది. ప్రాజెక్టు పూర్తయింది. మర్నాడే రిపోర్టు ప్రిన్సిపాల్ బల్ల మీదికి వచ్చింది.

ఐదో నియమం: పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇస్తే పదిహేను రోజులు అకౌంటు బందు. పెద్దమ్మ సొంత ప్రాజెక్టుకి ఇంకా పది రోజులే ఉంది.

“మీరు కాసేపు బయట కూర్చోండమ్మా” అని ఆవిణ్ణి పంపించి, ప్రిన్సిపాల్ ఆయన వైపు తిరిగింది. “మందలించి వదిలేద్దామండీ. ఎవరి కొంప మునిగింది ఇప్పుడు?”

“ఎవరిదీ మునగలేదు మేడం.”

“మరి?”

“పోయిన నెల ఆ అమ్మాయి ఇక్కడే నిలబడి ఏడ్చింది. తెలియక చేశానంది. నేను తను పెట్టిన సంతకం చూపించాను. ఇవాళ ఈవిడ సంతకం చూడకుండా వదిలేస్తే ఆ పిల్లకి ఏమని చెప్పాలి?”

“ఆ పిల్ల ప్రాజెక్టు కూడా కొట్టేయమంటారా అయితే?”

“లేదండీ. తీసుకున్నవాళ్ళ సంగతి నియమంలో లేదు. రాసింది నేనే కాబట్టి ఆ లోపం నాది. ఆ ప్రాజెక్టు చెల్లుతుంది.”

ప్రిన్సిపాల్‌కి ఒళ్ళు మండింది. స్టాఫ్ రూములో విన్నవన్నీ గుర్తొచ్చాయి. “ఆవిడ ల్యాబ్ పరీక్ష పేపరు దిద్దనని మీరు పక్కన పెట్టేశారట. ఆవిడ సందేహం అడిగితే ఇంకొకరిని పంపిస్తారట. నిజమేనా?”

“నిజమే.”

“ఆవిడంటే మీకేమైనా కక్షా?”

ఆయన రిపోర్టు అంచు మడిచాడు, విప్పాడు. “లేదండీ” అన్నాడు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించే మనుషులని ఆమె చాలామందిని చూసింది. ఇతనికి ఎవరి మీద కోపమో ఏమో అనుకుంటూ పెద్దమ్మని లోపలికి పిలిచింది.

“తప్పయిపోయింది, క్షమించండని రెండు ముక్కలు రాసివ్వండమ్మా. మిగతాది నేను చూసుకుంటాను.”

“రాయలేను మేడం. నియమం తెలిసే చేశాను. ఆ పిల్ల ఏడాది పాడవకూడదనుకున్నాను. ఇప్పుడు బాధపడుతున్నానని రాస్తే అబద్ధం అవుతుంది.”

“మీ ఏడాది పాడవుతుంది కదా?”

“చదువు మానేశాక నలభై ఏళ్ళు ఆగాను. నలభై ఒకటి అనుకుంటాను.”

“ఈ సారు మీద మీకు కోపం రావడం లేదా?”

పెద్దమ్మ అప్పుడు ఆయన వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. “ఆ పిల్లకొక న్యాయం, నాకొక న్యాయం అంటే వచ్చేది మేడం” అంది.

మింగలేక కక్కలేక ప్రిన్సిపాల్ అకౌంటు బందు చేసే కాగితం మీద సంతకం చేసింది. దాని కింద ఆయన కూడా చేయాలి. గీత గీసినట్టుండే ఆయన సంతకం ఆ కాగితం మీద వంకర్లు పోయింది. రాయికి కూడా ఎక్కడో చెమ్మ ఉంటుంది కాబోలు అనుకుంది ఆమె. అయినా మనసు చల్లబడలేదు.

సాయంత్రం కాలేజీ వదిలాక ఆమె బస్టాపు వైపు నడిచింది. రెండు మలుపులు దాటాక, కాలేజీ పిల్లలెవరూ రాని సందు మొదట్లో పెద్దమ్మ సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. తాళంకప్ప స్కూటర్ వచ్చి సరిగ్గా ఆవిడ ముందే ఆగింది. ఇంకా ఏం మిగిలిందని వెంటపడుతున్నాడు ఈ మనిషి? నాలుగు దులిపేద్దామని ప్రిన్సిపాల్ గబగబా అడుగులు వేసింది.

ఆయన హెల్మెట్ తీసి ఏదో చెప్పబోయాడు. పెద్దమ్మ వెనక సీటెక్కి కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“బండి తియ్యరా, ఇంటికెళ్ళాక మీ నాన్నకి నువ్వే చెప్పుకో.”