గోడ మీది శాలువా

“ఈ శాలువా అల్లినవాళ్లెవరో గానీ, బాగా చెయ్యి తిరిగినవాళ్లే!” అంది ఆవిడ. గ్యాలరీలో కుండల ప్రదర్శన అయిపోవడంతో, తను చేసిన కుండలు తీసుకెళ్లడానికి వచ్చి, కొత్తగా తగిలిస్తున్న ఊలు అల్లికల ముందు ఆగిపోయింది.

గ్యాలరీ నడిపే అమ్మాయి నిచ్చెన వైపు చూపించింది. “ఆయనేనండీ.”

నిచ్చెన మీద ఉన్నది తన భర్త!

“మీరా? రోజూ వాకింగని చెప్పి...”

“అల్లికలంటే నవ్వుతావని,” గొణిగాడాయన. “ఎవరికీ చెప్పకే. ఇక్కడ పేరు కూడా వెయ్యొద్దన్నాను. పరువు పోతుంది.”

ఆవిడకి నిజంగానే నవ్వొచ్చింది. అంతలో, తన మొట్టమొదటి వంకర కుండను ఈయన వీధంతటికీ చూపించి మురిసిపోవడం గుర్తొచ్చింది.

గుమ్మంలోకి ఎవరో వచ్చారు. ఆవిడ గబగబా ఎదురెళ్లింది.

“రండి, ముందిది చూడండి. మా ఆయన అల్లారు!”

“అబ్బ, ఊరుకోవే!” అంటూనే ఆయన కిందికి దిగి, శాలువా అంచు సరిచేశాడు.