వత్తుల పత్తితో మంచుబొమ్మ

ప్లేస్కూల్ మైకుల ఫస్ట్ ప్రైజ్‌కు నా బిడ్డ తన్మయి పేరు వినవడంగనే నేను సింధూర మొహం చూసిన. ఆమె చిక్కడపల్లిల మా కింది పోర్షన్ల ఉంటది. ఆ మొహం మాడితే చూడనీకే ఏడాది ఆగిన.

పోయిన చలికాలం గూడ ఈ ప్లేస్కూల్ల మంచుబొమ్మల పోటీ పెట్టిన్రు. ఇంట్ల సామాన్లతోని, పిల్లలతోనే చేపియ్యాలెనని రూలు. సింధూర నారాయణగూడల కొన్న బొమ్మను కొడుకు చేసిండని పెట్టి ఫస్ట్ ప్రైజ్ కొట్టింది. రెండేండ్ల నా బిడ్డ చేసిన వంకర బొమ్మను చూసి, "అయ్యో, పాపే చేసిందాండీ?" అని నవ్వింది.

ఆ నవ్వు నేను మర్వలే.

ఈసారి పైస ఖర్చు లేకుండ దెబ్బ కొట్టిన. దీపం వత్తుల పత్తితోని ఒళ్లు, నా స్టిక్కర్ బొట్లతోని కండ్లు, చిరిగిన ఎర్ర సాక్సుతోని మంకీ క్యాప్. మూడు రోజులు బిడ్డను పక్కన కూసోవెట్టుకొని చేసిన. ఒక్క పత్తి పోగు పక్కకు పోలే.

"చాలా నీట్‌గా ఉందండీ," అంది సింధూర, నవ్వు రాక.

నా కడుపు చల్లబడ్డది.

టీచర్ తన్మయిని స్టేజీ ఎక్కిచ్చింది. "బొమ్మను పట్టుకో నాన్నా, ఫొటో తీస్తం."

నా బిడ్డ రెండు చేతులు ఈపు ఎనుక దాసుకుంది.

"నేను ముట్ట. ముడితే అమ్మ కొడ్తది."

సింధూర మెల్లగ నా దిక్కు తిరిగింది.

"ఈసారి కూడా పాపే చేసిందాండీ?"