యెరూషలేము క్లాసు

"బేత్లెహేములో ఆ పాత చర్చి గుమ్మం ఎలా ఉంటుంది?" ఫోన్‌లో చూస్తూ అడిగాడు ఉదయ్.

"చాలా చిన్నది. వంగి వెళ్ళాలి," అంది నమ్రత, భర్తకి పప్పు వడ్డిస్తూ.

"ఎందుకంత చిన్నది?"

"పూర్వం గుర్రాల మీద లోపలికి దూసుకురాకుండా అలా కట్టారట."

"ఊఁ." ఫోన్ పక్కన పెట్టి అన్నం కలుపుకున్నాడు.

పరాయి దేశంలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళోని వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో రోజూ భోజనం దగ్గర ఇదే పరీక్ష.

నమ్రతకి డ్రైవింగ్ రాదు. అతను నేర్పించలేదు. ఆమె ఫోన్‌లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. పాస్‌పోర్ట్ అతని ఆఫీస్ బ్యాగ్‌లో ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్న అమ్మతో మాట్లాడాలంటే స్పీకర్ పెట్టి మాట్లాడాలి. ఒకసారి స్పీకర్ పెట్టకుండా మాట్లాడింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆమెకి జ్వరమని చర్చిలో చెప్పాడు.

చర్చిలో ఉదయ్ అంటే అందరికీ ఇష్టం. కీబోర్డ్ వాయిస్తాడు. కుర్చీలు సర్దుతాడు. కారు లేని పెద్దవాళ్ళని ఇంటి దగ్గర దింపుతాడు. ఆ మంచిపేరంటే అతనికి ప్రాణం.

అందుకే చర్చిలో పెద్దావిడ విజయశ్రీ ఆంటీ అందరి ముందూ అడిగినప్పుడు కాదనలేకపోయాడు.

"మేం నలుగురు ఆడవాళ్ళం హోలీ ల్యాండ్ టూర్‌కి, యెరూషలేముకి వెళ్తున్నాం బాబూ. మా చెల్లెలు రానంది. సీటు వేస్ట్ అయిపోతుంది. నమ్రతని పంపు."

"అక్కడ ఇప్పుడు సేఫేనా ఆంటీ?"

"గ్రూపులు మళ్ళీ వెళ్తున్నాయి. నా కూతుర్లా చూసుకుంటాగా."

చుట్టూ ఉన్నవాళ్ళు "ఎంత అదృష్టం!" అన్నారు. ఉదయ్ నవ్వాడు. కారెక్కాక ఆ నవ్వు లేదు.

"నువ్వే అడిగించావా?"

"లేదండీ."

"నా వైపు చూసి చెప్పు."

"లేదండీ," అంది, అతని వైపు చూసి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, అతను పైన పాటలు ప్రాక్టీస్ చేస్తుంటే కింద బేస్‌మెంట్‌లో ఆడవాళ్ళకి టూర్ క్లాస్ జరిగేది. ఆంటీ గోడ మీద బొమ్మలు చూపించేది. గలిలయ సముద్రం. ఒలీవల కొండ. గెత్సేమనే తోట. యూదులు ప్రార్థన చీటీలు దోపే పడమటి గోడ. బడిపిల్లని అడిగినట్టు నమ్రతనే ఎక్కువగా అడిగేది.

"తడబడకూడదమ్మా. మళ్ళీ చెప్పు. ఉప్పు సముద్రంలో దిగితే?"

"మునగరు ఆంటీ. ఈత రానివాళ్ళు కూడా తేలుతారు."

ఆ మాట అని నమ్రత కళ్ళు తుడుచుకుంది. పక్కనున్నావిడ మంచినీళ్ళ సీసా అందించింది.

ప్రయాణానికి ముందు రోజు ఉదయ్ ఆమె సూట్‌కేసు తెరిచి చూశాడు.

"టూర్‌కి డిగ్రీ సర్టిఫికెట్లెందుకు?"

"సెక్యూరిటీవాళ్ళు చాలా ప్రశ్నలేస్తారట. ఒరిజినల్స్ ఉంచుకోమన్నారు ఆంటీ."

అతను అక్కడే నిలబడి ఆంటీకి ఫోన్ చేశాడు. ఆంటీ అదే మాట చెప్పింది. సూట్‌కేసు మూసేశాడు.

ఓహేర్ ఎయిర్‌పోర్ట్ ముందు ఆంటీ వాళ్ళు నలుగురూ ఒకే రకం నీలం టోపీలు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నమ్రతకీ ఒక టోపీ పెట్టారు. పాస్‌పోర్ట్ ఇంకా ఉదయ్ చేతిలోనే ఉంది.

"కారు పార్క్ చేసి లోపలికొస్తా. చెక్-ఇన్ చేయించి వెళ్తాను," అన్నాడు.

నమ్రత ఆంటీ వైపు చూసింది.

"ముందు ప్రార్థన చేసుకుందాం బాబూ," అంది ఆంటీ, అతని చెయ్యి పట్టుకుని. అందరూ తలలు వంచారు. ఆంటీ ప్రార్థన ఎంతకీ అవలేదు. దారిని దీవించమంది, విమానాన్ని దీవించమంది, పైలట్‌నీ దీవించమంది. ట్రాఫిక్ ఆఫీసర్ వచ్చి కారు మీద కొట్టాడు.

"సర్, మూవ్ ద కార్! నౌ!"

ఉదయ్ ఆఫీసర్ని చూశాడు. తనని చూస్తున్న నాలుగు జతల కళ్ళనీ చూశాడు. నవ్వుతూ పాస్‌పోర్ట్ నమ్రత చేతిలో పెట్టాడు.

"ప్రతి చోటా ఫోటో తీసి పంపు," అన్నాడు మెల్లగా. "యెరూషలేములో నా కోసం ప్రేయర్ చెయ్యి."

"చేస్తానండీ."

కారు మలుపు తిరిగేదాకా ఐదుగురూ చేతులు ఊపారు. తర్వాత లోపలికి నడిచారు. సెక్యూరిటీ దగ్గర ఆంటీ ఆమె చెంప నిమిరింది.

నమ్రత గేటు దాటి కనుమరుగయ్యాక, ఆ నలుగురూ తమ ఖాళీ సూట్‌కేసులు లాక్కుంటూ పార్కింగ్‌లో వదిలొచ్చిన కారు దగ్గరికి తిరిగి వెళ్ళారు; వాళ్ళందరిలో టికెట్ ఉన్నది నమ్రత ఒక్కదానికే, అదీ హైదరాబాద్‌కి.