ఎండకు అడ్డం

రోబో వీపు మీది సౌరఫలకాలపై ఎవరో రెయిన్‌డీర్ తోలు పరిచి, కొరడా తాడుతో బిగించి కట్టేశారు.

పిపలుక్ మంచుబండి దిగి అలాగే నిలబడిపోయింది. ఎండతో నడవాల్సిన ఆమె యంత్రం గ్రీన్‌లాండ్ మంచు మైదానం మధ్య చచ్చిన జంతువులా పడి ఉంది. దానికి కళ్లు లేవు. ముసలివాడి నడకతో, మంచు అడుగున దాగిన పగుళ్లను రాడార్‌తో పసిగడుతూ, ఒంటరిగా తీరం దగ్గరి శిబిరం చేరాలి. చేరకపోతే ప్రయోగం రద్దు. ఆరేళ్ల కష్టం గంగపాలు.

"తోలు గాలికి ఎగిరొచ్చి పడిందేమో?" అన్నాడు మెకానిక్ టోర్బెన్.

"గాలి ముడులు కూడా వేస్తుందా?"

ఆ ముడి ఆమెకు బాగా తెలుసు. చిన్నప్పుడు తనకు కుక్కల బండి కట్టడం నేర్పిన చేతుల పని అది. మేనమామ ఉయరాక్.

మొన్న, రోబో బయల్దేరిన శిబిరంలో అందరి ముందూ గొడవపడ్డాడు. దారి చూపే పని ఇక రోబోదేనని ఆమె అనడమే తప్పయింది.

"నా కుక్కలు చెప్పేది నీ డబ్బా చెబుతుందటే? చూస్తాగా, ఎంత దూరం పోతుందో!"

పోసిన కాఫీ ముట్టకుండా బండి కట్టుకుని ఊరికి బయల్దేరాడు.

"ఊరికని చెప్పి ఇక్కడ కాపు కాశాడన్నమాట." టోర్బెన్ పళ్లు కొరికాడు. "ఇటు చూడు. బరువైనదేదో ఈడ్చుకుపోయాడు. బ్యాటరీ పెట్టె కాదు కదా?"

మంచులో వెడల్పాటి చార. పక్కన కుక్కల అడుగులు లేవు. బండి జాడా లేదు.

"బండి ఎక్కడో దాచి వచ్చాడు. దొంగబుద్ధి!" అంది పిపలుక్. "సొంత మేనకోడలి నోటి దగ్గర కూడు లాగేస్తాడా?"

చార వెంటే నడిచారు. అది మంచుదిబ్బ వెనక్కి తిరిగింది.

అక్కడే కూర్చుని ఉన్నాడు ఉయరాక్. పారిపోలేదు. వాళ్లను చూసి లేవనూ లేదు.

"ఆ తోలు కప్పింది నువ్వేనా మావయ్యా?" ఆమె అరిచింది.

అతను నవ్వబోయాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"నేనేనే. బండీ కుక్కలూ పగుల్లోకి పోయాయి, నా కాలు విరిగింది. నేను ఊళ్లో ఉన్నానని నువ్వూ, నీ దగ్గరున్నానని ఊరూ అనుకుంటుంటే నన్ను వెతికేదెవరు... దీన్ని ఆపితే మాత్రం నువ్వు పరుగెత్తుకొస్తావని తెలుసు."