మావయ్యగారి మెడపట్టీ

నెలదాకా తీయకూడదని డాక్టరు చెప్పిన మెడపట్టీ సెలూన్లో, గడ్డం నురుగు గిన్నె పక్కన పడి ఉంది. దాని నిండా ఎవరివో వెంట్రుకలు. మెడ వ్యాయామాలకు ఆస్పత్రికి వెళుతున్నానన్న మా ఆయన జిడ్డు తువ్వాలు కప్పుకుని కుర్చీలో వాలి ఉన్నారు. కూరగాయలకు వెళుతూ అద్దం తలుపులోంచి చూసి లోపలికి నడిచాను.

"పట్టీలతో మెడలు బాగుపడవే. ఇతను ఒక్క తిప్పు తిప్పితే చాలు," అన్నారు.

"వేళ్ళు తిమ్మిరెక్కాయని రాత్రంతా మూలిగారు. మెడ ఎవరైనా తిప్పితే చెయ్యే పడిపోతుందని డాక్టరు చెప్పలేదూ?"

సెలూన్ అతను ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి నవ్వాడు. "భయపడకండమ్మా. పోయినసారి కుడివైపు కాస్త గట్టిగా తిప్పేశాను, అందుకే పట్టేసింది. ఇవాళ ఎడమవైపు తిప్పితే సరిపోతుంది."

పోయినసారా? బాత్రూంలో తడి నేల మీద జారి పడ్డానని కదా ఈయన చెప్పింది. నేల తుడవడం కూడా చేతకాదా అని కోడలిని నిలబెట్టి చెడామడా తిట్టాను. ఆ పక్కనే కూర్చుని ఈయన తాపీగా కాఫీ తాగారు.

"చెయ్యి తియ్యి నాయనా," అని అతనితో చెప్పి, పట్టీ దులిపి నేనే ఆయన మెడకు బిగించాను.

ఇంటికి వచ్చేసరికి కోడలు బాత్రూంలో మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంది. "ఒక్క నిమిషం ఆగండి మావయ్యగారూ, ఇంకా తడిగా ఉంది," అంది.

ఆయన పట్టీ సర్దుకుంటూ గదివైపు తిరిగారు.

"లేమ్మా," అన్నాను. "ఆ గుడ్డ మీ మావయ్యగారి చేతికివ్వు. ఎందుకో ఆయనే చెబుతారు."